మంగళవారం ఎక్కడున్నావు?

“మనకి ఇస్త్రీ చొక్కాలు అయిపోయాయి,” అన్నాడు భర్త, అద్దంలో గడ్డం కింద తడుముకుంటూ.

ఆ ఇంట్లో ‘మనం’ అనే మాటకి వ్యాకరణం వేరు. మనకి చొక్కాలు అయిపోయాయంటే ఆమె ఇస్త్రీ పెట్టె ముందు నిలబడాలి. మనం బాత్రూం కడిగి చాలా రోజులైందంటే ఆమె బ్రష్షు పట్టుకోవాలి. ‘అమ్మని మనం కాకపోతే ఎవరు చూస్తారు’ అంటే ఆమె లీవు పెట్టాలి. ఇది బడిలో ఎవరూ చెప్పలేదు, పెళ్ళైన ఆర్నెల్లకి ఆమే నేర్చుకుంది. ఏదైనా మంచి జరిగితే మాత్రం ఆ ‘మనం’ ఏ గంగలో దూకుతుందో కనపడదు. ‘నేను మా అమ్మకి పెద్ద ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించాను’. ‘నా కూతురికి లెక్కల్లో ఫస్టు వచ్చింది’. ఆ ఆసుపత్రిలో పది రాత్రులు బెంచీ మీద పడుకున్నదెవరో, ఆ లెక్కలు నేర్పించిందెవరో బెంచీకి తెలుసు, లెక్కల పుస్తకానికి తెలుసు. ఆమె ఇస్త్రీ పెట్టె స్విచ్చి వేసింది. ముందు అతని చొక్కా, తర్వాత పాప యూనిఫాం, ఆఖర్న టైముంటే తన ఫ్యాక్టరీ కోటు. టైము లేకపోయింది.

ఇద్దరిదీ ఒకే ఫ్యాక్టరీ. అతను ప్రొడక్షన్ హెడ్, ఆమె ఫైనల్ ఇన్‌స్పెక్టర్. ఇంట్లో ‘ఏమండీ’, గేటు దాటగానే ‘సార్’. ఒకే కారులో వస్తారు, పార్కింగులో దిగాక అతను ముందు నడుస్తాడు, ఆమె రెండు నిమిషాలు ఆగి వెనకాల వెళ్తుంది. ‘నలుగురూ చూస్తే నీకు నేనేదో ఫేవర్ చేస్తున్నాననుకుంటారు’ అని పెట్టిన పద్ధతి అది. పదకొండేళ్ళలో ఆమె పాస్ చేసిన ముక్క ఒక్కటి కూడా కస్టమర్ దగ్గర్నుంచి తిరిగి రాలేదని ఆ నలుగురికీ తెలుసు. ఫేవర్ ఎవరికి ఎవరు చేస్తున్నారో వాళ్ళకి బాగానే తెలుసు.

ఆ ఫ్యాక్టరీలో సైన్యానికి పనికొచ్చే చిన్న చిన్న ముక్కలు తయారవుతాయి. తనిఖీ చేసే ప్రతివాళ్ళకీ ఒక ముద్ర ఉంటుంది, బొటనవేలి గోరంత గుండ్రంగా, మధ్యలో నంబరుతో. ఆమెది పదిహేడు. ఆ పదిహేడు కాగితం మీద పడిందంటే, ‘ఇది నేను నా కళ్ళతో చూశాను’ అని ఒట్టు పెట్టినట్టు. ముద్ర ఇచ్చిన రోజు ఆమె చేత రాయించుకున్న హామీలో మొదటి వాక్యం, ఈ ముద్ర నా చేతిలో తప్ప ఇంకెవరి చేతిలోనూ ఉండదు అని. ఆ సాయంత్రం సంబరంగా ఇంట్లో చెబితే, ‘నంబరిచ్చారా? జైల్లో ఇచ్చినట్టా?’ అని నవ్వాడు భర్త. అత్తయ్య, ‘ముద్రలు కొట్టడానిక్కూడా జీతమిస్తారా, హాయైన ఉద్యోగమే’ అంది. ముద్ర ఉంచే సొరుగు తాళంచెవుల జతలో రెండోది హాల్లో కీ స్టాండుకి తగిలించింది అతనే. ‘భార్యాభర్తల మధ్య నీదీ నాదీ ఏమిటి’ అన్నాడు. ఆమె ఊరుకుంది. ఆ ఊరుకోవడం తల్చుకుంటే ఇప్పుడు ఆమెకి తన మీద తనకే మండిపోతుంది.

ఆ సోమవారం ఆమె నాలుగు రోజుల లీవు తర్వాత పనిలోకొచ్చింది. అంతకుముందు వారం అత్తయ్య తుంటి ఆపరేషన్ అయ్యి ఇంటికొచ్చింది. ‘మనం మంగళవారం నుంచి శుక్రవారం దాకా లీవు పెట్టాలి’ అన్నాడు భర్త, పెట్టింది ఆమె, శాంక్షన్ చేసింది అతనే. ఇవాళ్టి నుంచి పగటిపూట ఒక ఆయా కుదిరింది కాబట్టి ఆమెకి విడుదల. బల్ల మీద ఒక ఫైలు ఎదురుచూస్తోంది. హెలికాప్టర్ చక్రాల కాళ్ళలో బిగించే పిన్నులు, రెండు వందల పన్నెండు. బుధవారం పంపెయ్యాలి. కాగితాలన్నీ ఒకసారి చూసి ఆఖరి ముద్ర వెయ్యడమే ఆమె పని.

ఆ పిన్నులు వేలంత పొడుగుంటాయి. చాలా గట్టి ఉక్కు. తుప్పు పట్టకుండా దానికి తొట్టిలో ముంచి పూత వేస్తారు. పూత వేసేటప్పుడు హైడ్రోజన్ ఉక్కులోకి దూరుతుంది. తొట్టిలోంచి తీసిన నాలుగు గంటల లోపల ఓవెన్లో పెట్టి, ఇరవై మూడు గంటలు వేడి చేస్తే అది బయటికి పోతుంది. ఆలస్యమైతే లోపలే తిష్ట వేసుకుని ఉక్కుని పెళుసు చేసేస్తుంది. దరిద్రమేమిటంటే, పైకి ఏమీ తెలీదు. కొలతలు సరిపోతాయి, మెరుపు సరిపోతుంది. బిగించి బరువు మోపాక, వారానికో ఆర్నెల్లకో, ఎవరూ ముట్టుకోకుండానే పుటుక్కుమంటుంది. అందుకే ఆ నాలుగు గంటల టైము ఎవరో ఒక ఇన్‌స్పెక్టర్ నిలబడి చూసి, రాసి, ముద్ర వెయ్యాలి. ఆ కాగితం తప్పితే దానికి వేరే పరీక్షంటూ లేదు.

ఆరో పేజీలో ఉంది ఆ టైము రాసిన వరస. మంగళవారం. పూత ముగిసింది పదకొండూ పది. ఓవెన్లో పెట్టింది రెండూ ఇరవై. సరిచూసినది, పదిహేడు.

ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుని చూసింది. పదిహేడే. మంగళవారమే. క్షణంపాటు తన మీదే అనుమానం వచ్చింది. ఆడవాళ్ళకి ముందు వచ్చేది తమ మీద అనుమానమే కదా, గ్యాసు కట్టేశానా, తాళం వేశానా, నేనే తప్పు చేశానా అని. కానీ మంగళవారం రెండూ ఇరవైకి తానెక్కడుందో ఆమె ఒంటికి తెలుసు, నడుముకి తెలుసు. సొరుగు తీసింది. ముద్ర ఉంది. పదకొండేళ్ళుగా వాడిన ప్రతిసారీ తుడిచి మూత పెట్టే ముద్ర, మూత లేకుండా, మొహం మీద సిరా ఎండిపోయి పడి ఉంది. ఎవరో తన టూత్‌బ్రష్షు వాడి అక్కడే పడేసినట్టు అసహ్యమేసింది.

ప్లేటింగ్ గదిలో అందరూ బాబాయ్ అని పిలిచే ఆపరేటర్ ఒక్కడే ఉన్నాడు. ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతాడు. ఆమెని చూడగానే చేతి తొడుగులు సర్దుకోవడం మొదలెట్టాడు.

“బాబాయ్, మంగళవారం పిన్నులు ఎన్నింటికి ఓవెన్లో పెట్టావు?”

“కాగితంలో ఉంది కదమ్మా.”

“కాగితంలో నేనూ ఉన్నాను. నేను ఆ రోజు ఇక్కడ లేనని నీకు తెలుసు.”

ఆయన తలుపు వైపు ఒకసారి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. “మంగళవారం ఓవెన్ కాయిల్ కాలిపోయిందమ్మా. కొత్తది రాత్రికి గానీ రాలేదు. ట్రేలు అట్లాగే ఉన్నాయి. బుధవారం పొద్దున్న ఎనిమిదింటికి లోపల పెట్టాం. ఇవి పారెయ్యాల్సినవే కదా సార్ అన్నాను. మనం చూసుకుందాంలే బాబాయ్ అన్నారు సారు. నా పేరు మాత్రం బయటికి రానీకమ్మా, నీకు పుణ్యముంటుంది.”

నాలుగు గంటలుండాల్సింది ఇరవై ఒకటి. ఆమెకి ఒళ్ళు మండింది. మనం చూసుకుందాం! ఆ ‘మనం’ ఎవరో, ఎవరి నెత్తిన పడుతుందో ఆమెకి ఇంకొకళ్ళు అర్థం చెప్పక్కర్లేదు.

భర్త గదిలోకి వెళ్ళి తలుపు మూసింది.

“సార్, నా సొరుగు ఎవరు తీశారు?”

“తలుపేశావుగా, ఇంకా సార్ ఏమిటి? మామూలుగా మాట్లాడు.”

“అయితే మామూలుగానే అడుగుతాను. నా సొరుగు ఎందుకు తీశారు?”

“ఓ, అదా.” అతను కంప్యూటర్ మీంచి చూపు తిప్పలేదు. “ఆ రోజు ముద్ర అర్జెంటుగా కావాల్సొచ్చింది. నువ్వేమో సీట్లో లేవు.”

“సీట్లో లేనా? నేను ఫ్యాక్టరీలోనే లేను. ఆ రోజు నాకు లీవు.”

మౌస్ మీద అతని చెయ్యి ఆగిపోయింది.

“లీవు బుధవారం నుంచి కదా?”

“మంగళవారం నుంచి. సంతకం పెట్టింది మీరే.”

అప్పుడు ఆమెకి అర్థమైంది. అతను నిజంగానే మర్చిపోయాడు. దొంగపని చేసేవాడు వంద జాగ్రత్తలు తీసుకుంటాడు, ఫైల్లో ఉండే ఓవెన్ వేడి గ్రాఫు మీద తేదీ మార్చాడు, టైము ఆలోచించి మరీ రెండూ ఇరవై అని వేశాడు. పెళ్ళాం ఆ రోజు ఎక్కడుందన్నది మాత్రం తట్టలేదు. ఎందుకు తడుతుంది? ఆ పొద్దున్న చొక్కా తలుపుకి వేలాడుతూనే ఉంది, లంచ్ బాక్సు బల్ల మీద ఉంది, సాయంత్రానికి ఇంట్లో దీపాలు వెలిగే ఉన్నాయి, తల్లి శుభ్రమైన దుప్పటి మీద పడుకుని ఉంది. ఆమె ఫ్యాక్టరీకి వెళ్ళొచ్చి చేసినా ఇదే, రోజంతా ఇంట్లో ఉండి చేసినా ఇదే. ఆమె ఇంట్లో ఉండటమంటే అతని లెక్కలో ఎక్కడా లేకపోవడం. తన ముద్ర దొంగిలించినందుకు ఒక కోపం వస్తే, దొంగతనం బయటపడిన తీరుకి పది కోపాలొచ్చాయి. లెక్కకి రాని మనిషినైపోయాను కదా అనుకుంది, పద్నాలుగేళ్ళు ఒక గదిలో పడుకుని.

“సరే, సరే.” అతను లేచి దగ్గరికొచ్చాడు. గొంతు మెత్తబడింది. “చిన్న పొరపాటు జరిగింది. మనం సరిచేసుకుందాం. పిన్నులు చూశావుగా, కొలతలన్నీ పర్ఫెక్టు. నువ్వు ప్రతిదీ గోరంతని కొండంత చేస్తావు. ఇంట్లో గ్లాసు మీద మరక కనపడితే మళ్ళీ కడుగుతావు చూడు, అలాంటిదే ఇదీ.”

“గ్లాసు విరిగితే దిగుతున్న హెలికాప్టర్ ఏదీ బోల్తాపడదు.”

“అబ్బ, నాటకాలొద్దు. బుధవారం ఇవి వెళ్ళకపోతే నా ఉద్యోగం ఊడుతుంది. అది నీకు సరదాగా ఉందా?”

ఆమె తలుపు తీసుకుని బయటికొచ్చి, స్టోరులోకి వెళ్ళి, పిన్నుల పెట్టెలు ఏడింటికీ ఏడు ఎర్ర ట్యాగులు కట్టింది. ఎర్ర ట్యాగు కడితే ఆ ఫ్యాక్టరీలో యజమాని కూడా పెట్టె కదిలించడానికి వీల్లేదు. కస్టమర్‌కి కబురెళ్తుంది, కస్టమర్ మనిషి వచ్చి చూస్తాడు. ట్యాగు మీద కారణం రాయాల్సిన చోట ‘ముద్ర నాది కాదు’ అని రాయబోయి ఆగి, ‘టైము రికార్డు మీద అనుమానం’ అని రాసింది. ఆ క్షణానికి అంతకంటే ధైర్యం చాల్లేదు. ముద్ర దుర్వినియోగమంటే ఉద్యోగాలు పోవడమే కాదు, కేసులవుతాయి. ముందు ఎవరి మీద? కాగితం మీద నంబరు ఎవరిదైతే వాళ్ళ మీద.

సాయంత్రం అతను ఇంటికి పళ్ళు తెచ్చాడు. పళ్ళు తెచ్చాడంటేనే ఏదో ఉందని ఆమెకి తెలుసు. పాప లోపలి గదిలో హోంవర్కు చేసుకుంటోంది. అతను తల్లి మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, ఆమెని కూడా రమ్మన్నాడు. పెద్దాయనతో మాట్లాడి వచ్చాడట. పెద్దాయనంటే ఫ్యాక్టరీ యజమాని.

“రేపు మధ్యాహ్నం సైన్యం తరఫున తనిఖీ అధికారి వస్తున్నాడు. చాలా సింపుల్. పోయిన మంగళవారం నువ్వు డ్యూటీలో ఉన్నావు. లీవు బుధవారం నుంచి. లీవు కాగితం మార్చేశాను, గేటు రిజిస్టర్లో నీ పేరు ఎక్కించే పూచీ పెద్దాయనది. నువ్వు, రెండూ ఇరవైకి నేనే చూశాను అను. ట్యాగు తొందరపడి కట్టాను అను. రెండు మాటలు, అయిపోతుంది.”

“మరి మంగళవారం ఇంట్లో ఎవరున్నారు?”

“ఎవరడుగుతారు? అడిగితే...” అతను తల్లి వైపు తిరిగాడు. “అమ్మా, మంగళవారం అమ్మాయి పనికి వెళ్ళింది కదూ?”

ఆమె అత్తయ్య మొహంలోకి చూసింది. మంగళవారం ఆవిడకి ఆసుపత్రి మందులు పడక కడుపు పాడైంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నాలుగుసార్లు పక్క మార్చాల్సొచ్చింది. తుంటి కదలకూడదు కాబట్టి ఒక చేత్తో నడుము కింద పట్టుకుని, ఇంకో చేత్తో దుప్పటి లాగి, ఒళ్ళు తుడిచి, పౌడరు వేసి. మూడోసారి ఆవిడ సిగ్గుతో ఏడ్చింది కూడా. ‘ఫర్వాలేదత్తయ్యా, పసిపిల్లలకి చెయ్యమా’ అని ఆమె నవ్వించింది. అప్పుడు గోడ గడియారంలో రెండూ ఇరవై, రెండున్నర మధ్య అయ్యుంటుంది.

అత్తయ్య దుప్పటి అంచు నలుపుతూ అంది. “నాకేం గుర్తుందిరా. మందు మత్తులో పడున్నాను.”

“చూశావా,” అన్నాడతను తేలిగ్గా. “అమ్మకే గుర్తులేదు. రేపు పొద్దున్న మనం కాస్త ముందు వెళ్దాం.” పాపకి పండు కోసి ఇమ్మని చెప్పి, ఫోను పట్టుకుని బయటికి నడిచాడు. కోసి ఇవ్వమన్నది ఎవరికో చెప్పాలా?

గదిలో ఇద్దరు ఆడవాళ్ళే మిగిలారు. అత్తయ్యే ముందు నోరు విప్పింది.

“నాలుగుసార్లు మార్చావు. నాకు గుర్తులేకపోవడమేమిటే, ఆ మూడోసారి నేను పోతే బాగుండుననుకున్నాను. కానీ వాడు నా కొడుకు. నేనెట్లా చెప్పను?”

“చెప్పొద్దు. కానీ మందు మత్తు అన్నారే, ఆ మాట ఎందుకన్నారు? ఊరుకుని ఉండాల్సింది. నేను లేనని మీరే అంటే ఇంక నేనెక్కడున్నట్టు?”

“వాడికి ఉద్యోగం పోతే పాప ఏమవుతుంది, నేనేమవుతాను? ఈ సంసారం కోసం ఎన్ని ఓర్చుకున్నావు, ఇదొక్కటి ఓర్చుకోలేవూ?”

ఆ మాటకి ఆమెకి ఎక్కడ లేని కోపం వచ్చింది. అత్తయ్య మీద కాదు, ఇన్నాళ్ళూ ఓర్చుకున్న తన మీద, ఆ ఓర్పుని ఇంట్లో గోడల్లాగా వాడుకున్న అందరి మీద. ఆమె ఓర్చుకుంటుంది, ఎప్పుడూ ఓర్చుకుంటుంది, అందుకే అతను అంత ధీమాగా సొరుగు తెరిచాడు. పైలట్‌కి కూడా ఒక తల్లి ఉంటుంది, ఆవిడకీ తుంటి నొప్పి ఉంటుంది, కొడుకు దిగొస్తాడని ఎదురుచూస్తూ ఉంటుంది. ఆ తల్లి ఏం ఓర్చుకోవాలట? ఇవన్నీ పైకి అనలేదు. నొప్పితో ఉన్న మనిషిని సాధించడం ఆమెకి చేతకాదు. నాలుగు దిండ్లు సర్ది, ఒకటి మోకాలి కింద పెట్టి, మాత్ర వేసి, పండు కోసి పాపకిచ్చింది. అన్ని పనులూ ఎప్పట్లాగే జరిగిపోయాయి. ఇదే ఈ ఇంట్లో గొప్ప సౌకర్యం, ఆమె లోపల ఇల్లంతా కాలిపోతున్నా బయట పండ్ల ముక్కలు సమానంగా వస్తాయి.

మర్నాడు కారులో అతను రెండుసార్లు ఆమె చేత పాఠం అప్పజెప్పించుకున్నాడు. “రెండూ ఇరవైకి ఎక్కడున్నావు?” “చెప్తాను.” “నాకు చెప్పు ముందు.” “అక్కడ చెప్తాను.” అతను పళ్ళు నూరుతూ స్టీరింగు మీద వేళ్ళు కొట్టాడు. పార్కింగులో దిగాక ఆ రోజు ముందు నడవలేదు. ఆమె పక్కనే, మోచెయ్యి తగిలేంత దగ్గరగా నడిచాడు.

తనిఖీ అధికారి సన్నటి మనిషి, మాట పొదుపు. మీటింగు గదిలో ఒక వైపు ఆయన, ఎదురుగా పెద్దాయన, భర్త, మధ్యలో ఆమె. బల్ల మీద ఆరో పేజీ, ఒక ఖాళీ ఫారం. టీ వచ్చింది. కప్పులు అందరికీ అందించమన్నట్టు పెద్దాయన ఆమె వైపు చూశాడు. ఆమె తన కప్పు తీసుకుని తాగింది.

“మా ఫ్యాక్టరీ ఒక కుటుంబంలాంటిది సార్,” మొదలెట్టాడు పెద్దాయన. “ఈ అమ్మాయి మా ఇంటి ఆడపడుచులాంటిది. వీళ్ళిద్దరూ భార్యాభర్తలు. ఇంట్లో పేషెంటు, టెన్షన్లో తొందరపడి ట్యాగు కట్టేసింది. అంతే.”

“అంతే సార్,” అన్నాడు భర్త. “నాలుగు రోజులు నిద్రలేదు తనకి. చిన్న విషయానికి కంగారుపడిపోయింది. మేము మాట్లాడుకున్నాం.”

కుటుంబం! ఎక్కడ ఆడదాని నోరు నొక్కాలన్నా ఈ మాట ఒకటి దొరుకుతుంది వీళ్ళకి. ఇంట్లో నొక్కేటప్పుడు అదే, ఫ్యాక్టరీలో నొక్కేటప్పుడు అదే. ఆడపడుచట, పదకొండేళ్ళలో ఒక్కరోజు పేరు పెట్టి పిలవని పెద్దమనిషికి! ఆమె అరచేతులు బల్ల మీద పెట్టింది. నిన్నటి భయం అంతా రాత్రికి రాత్రే కోపంగా మారిపోయినట్టుంది, దానికి ఆమె ఎవరికో ధన్యవాదాలు చెప్పుకోవాలి.

అధికారి పేజీని ఆమె వైపు తిప్పాడు. “మేడం, ఈ ముద్ర మీదేనా?”

“ముద్ర నాదేనండీ. వేసిన చెయ్యి నాది కాదు.”

పెద్దాయన కుర్చీ కిర్రుమంది. భర్త “ఏయ్” అన్నాడు, చాలా చిన్నగా, ఇంట్లో అనేంత చిన్నగా.

“పోయిన మంగళవారం మీరు ఎక్కడున్నారు?”

“పనిలో ఉన్నాను. ఇక్కడ కాదు, ఇంట్లో. పొద్దున్న ఐదింటికి లేచాను. వంట, ఈయన లంచ్ బాక్సు, పాప లంచ్ బాక్సు. ఎనిమిదిన్నర నుంచి మా అత్తయ్య దగ్గర. తొమ్మిదీ పదికి ఒకసారి, పదకొండున్నరకి ఒకసారి పక్క మార్చాను. ఇక్కడ పూత ముగిసిందని రాసిన టైముకి నేను దుప్పట్లు ఉతుకుతున్నాను. పిన్నులు ఓవెన్లో పెట్టారని రాసిన టైముకి మూడోసారి మారుస్తున్నాను. నాలుగున్నరకి నాలుగోసారి. రాసుకోండి, అన్నీ రాసుకోండి. దీన్ని మీ కాగితాల్లో లీవు అంటారు, ఆ మాట ఒక్కటి తప్పు.”

“దానికి సాక్షులెవరైనా ఉన్నారా?”

“ఉన్నారు. చెప్పరు.”

అధికారి మొదటిసారి తలెత్తి ఆమెని పూర్తిగా చూశాడు. ఫారంలో చాలాసేపు రాశాడు. రాయడం అయ్యాక, “ఓవెన్లో నిజంగా ఎప్పుడు పెట్టారు?” అన్నాడు. బుధవారం పొద్దున్న ఎనిమిదింటికని చెప్పింది. ఎవరు చెప్పారంటే, కాయిల్ ఎప్పుడు వచ్చిందో స్టోరు రిజిస్టర్లో ఉంటుంది, చూసుకోండి అంది. బాబాయ్ పేరు ఎత్తలేదు.

“ముద్ర ఇంకొకరికి ఎలా దొరికింది?”

“సొరుగు రెండో తాళంచెవి మా ఇంట్లో ఉంది. ఉంచకూడదు. అది నా తప్పు, దానికి ఏ శిక్ష ఉంటే అది వెయ్యండి. తీసింది, వాడింది ప్రొడక్షన్ హెడ్.”

“అమ్మా,” అన్నాడు పెద్దాయన బతిమాలుతున్నట్టు, “ఆయన నీ భర్తమ్మా.”

“ఆ గడి ఈ ఫారంలో లేదు సార్.”

భర్త మొహం పాలిపోయింది. ఇంటికెళ్ళాక ఏమవుతుందో ఆమెకి తెలుసు. అరుపులు, అత్తయ్య ఏడుపు, ‘పాప మొహం చూసైనా’ అనే మాట, బంధువుల ఫోన్లు, అందరూ ఆమె మీద ఒంటికాలి మీద లేవడం. కట్టుకున్నవాణ్ణి పట్టిచ్చిన మనిషంటారు. అనుకోనీ. ఎక్కడో మూడు వేల అడుగుల ఎత్తులో ఎవరో కుర్రాళ్ళు ఆమె నంబరుని నమ్మి కూర్చుని ఉంటారు. ఆ నమ్మకం ఒక్కటే ఈ లోకంలో ఆమెకి ఎవరూ ఊరికే ఇవ్వకుండా, ఆమె సంపాదించుకున్నది.

అధికారి ఫారం ఆమె ముందుకి జరిపాడు. ఆమె చదివి సంతకం పెట్టింది. ఆయన కాగితాలు సర్దుకుంటూ ఎవరినని కాకుండా అడిగాడు. “ఇలా ఇంతకుముందు ఎప్పుడైనా జరిగిందా?”

“లేదు సార్. ఇదొక్కసారే,” అన్నాడు భర్త.

మరీ త్వరగా అన్నాడు. మరీ మర్యాదగా అన్నాడు. పద్నాలుగేళ్ళ కాపురంలో అతని గురించి ఆమెకి తెలిసినవి కొన్నున్నాయి. నిజం చెప్పేటప్పుడు అతను విసుక్కుంటాడు. అతని గొంతు ఇంత మెత్తగా వస్తే ఆ కింద ఏదో ఉన్నట్టే. ఆమె కళ్ళ ముందు తన లీవులన్నీ వరసగా కదిలాయి. అత్తయ్య కళ్ళ ఆపరేషన్. ఆడపడుచు పురుడు. మామయ్య కామెర్లు, మూడు వారాలు. మామయ్య ఆఖరి రోజులు. పాప అమ్మవారు. ప్రతిసారీ ‘మనం లీవు పెట్టాలి’ అని అతనే చెప్పాడు, ప్రతిసారీ ఆమె సొరుగుకి తాళం వేసి ఇంటికెళ్ళింది, ప్రతిసారీ రెండో తాళంచెవి హాల్లో ఉంది. ప్రతిసారీ ఆమె తిరిగొచ్చేసరికి, ఆమె లేకపోయినా ఫ్యాక్టరీలో ఏ పనీ ఆగలేదని అతను నవ్వుతూ చెప్పేవాడు. అప్పట్లో ఆ మాటకి చిన్నబోయేది. ఎలా ఆగలేదో ఒక్కసారి కూడా అడగలేదు.

అధికారి లేవబోతున్నాడు.

“ఒక్క నిమిషం కూర్చోండి,” అందామె. “పదకొండేళ్ళ నా లీవుల జాబితా ఆఫీసులో ఉంటుంది, తెప్పించండి. నూట ఆరు రోజులు. అందులో ఒక్కటి కూడా నా కోసం పెట్టుకోలేదు. ఆ నూట ఆరు రోజుల్లో పదిహేడో నంబరు ఎన్ని ముక్కలు పాస్ చేసిందో చూడండి.”